సూదికీ దారానికీ ఒక చోటు

వృత్తి ఏదైనా దాని పనిముట్లకు ఒక స్థానం ఉండటం తెలుగునాట తరతరాలుగా వస్తున్న మర్యాద. కమ్మరికి కొలిమి, కుమ్మరికి సారె, వడ్రంగికి పనిముట్ల పెట్టె లేనిదే పని సాగదు. నేతకారుల ఇళ్ళలో ఈ సంగతి మరింత స్పష్టంగా కనబడుతుంది. మంగళగిరి వంటి నేత కేంద్రాలలో గుంట మగ్గం ఇంటి లోపలే ఉంటుంది. ఇల్లు ఎంత ఇరుకైనదైనా మగ్గానికి చోటు విడిచిన తరువాతనే పడకకూ, సామానుకూ చోటు చూసుకుంటారు. ఆ ఇంటికి అన్నం పెట్టేది మగ్గమే అని ఇంటిల్లిపాదికీ తెలుసు. పనిముట్టుకు చోటు దొరికిన ఇంటిలో పనికి గౌరవం దొరుకుతుంది.

కాని ఇంటిపట్టున కూర్చుని బట్టలు కుట్టి సంసారానికి చేదోడుగా నిలిచే స్త్రీ పనికి ఈ మర్యాద సాధారణంగా దక్కదు. కుట్టుమిషను తలుపు వెనుక నిలబడి ఉంటుంది. దానిపై దుప్పట్లు, ఉతికిన బట్టలు, పిల్లల పుస్తకాలు పేర్చి ఉంటాయి. కత్తెర వంటగదిలో ఉంటే కొలత టేపు బీరువా అడుగున ఉంటుంది. దారపు రీళ్ళు ఒక సంచిలో చిక్కులుపడి ఉంటాయి. పని మొదలుపెట్టే ముందు పని కోసం వెతకడమే ఒక పని అవుతుంది. దీనిని చిన్న విషయమని కొట్టివేయడం తగదు. చిన్న ఇంటిలో కుట్టు సామగ్రిని అమర్చుకోవడం కేవలం పొందికకు సంబంధించిన ముచ్చట కాదు. ఆ ఇంటిలో ఎవరి శ్రమకు ఎంత విలువ ఉన్నదో తెలిపే కొలమానం అది.

విజయవాడ నగరం ఈ ప్రశ్నను పరిశీలించడానికి తగిన చోటు. వస్త్రవ్యాపారానికి ఈ నగరం పేరుగాంచింది. వన్‌టౌన్‌లోని వస్త్రలత దుకాణ సముదాయానికి చుట్టుపక్కల జిల్లాల నుండి చిన్న వ్యాపారులు వచ్చి గుడ్డలు కొనుక్కొని వెళతారు. కృష్ణా డెల్టాలోని పెడన అద్దకపు వస్త్రాలకు నిలయం. గుడ్డ ఉన్నచోట కుట్టుపని ఉంటుంది. చీరకు ఫాల్ వేయడం, పీకో చేయడం, జాకెట్టు కుట్టడం, పాఠశాల దుస్తులు సరిచేయడం వంటి పనులు దుకాణాలలోనే కాక వేలకొలది ఇళ్ళలో జరుగుతాయి. జూన్‌లో బడులు తెరిచే సమయం, శ్రావణమాసం, దసరా, సంక్రాంతి, పెళ్ళిళ్ళ ముహూర్తాలు వచ్చినప్పుడు ఆ ఇళ్ళలో మిషను చప్పుడు అర్ధరాత్రి వరకు వినబడుతుంది.

ఆ ఇళ్ళ వైశాల్యం మాత్రం స్వల్పం. ఇంద్రకీలాద్రి, గుణదల, మొగల్రాజపురం కొండవాలులలో మెట్లకు ఇరువైపులా కట్టుకున్న ఇళ్ళలో ఒకే గది పడకగదిగా, వంటగదిగా, చదువుగదిగా మారుతూ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లోని పట్టణ పేదల కోసం టిడ్కో సంస్థ నిర్మించిన గృహాలు 300, 365, 430 చదరపు అడుగుల కొలతలలో ఉన్నాయి. ఇటువంటి ఇంటిలో మిషనుకు, కూర్చునే పీటకు, కాళ్ళు కదలడానికి కలిపి మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు కావాలనుకుంటే పన్నెండు చదరపు అడుగులు అవుతుంది. 300 అడుగుల ఇంటిలో అది నూటికి నాలుగు వంతులు. నెలనెలా కొంత ఆదాయం తెచ్చిపెట్టే పనికి నూటికి నాలుగు వంతుల నేల ఎక్కువేమీ కాదు. అయినా ఆ నాలుగు వంతులు అడగడానికి స్త్రీ సంకోచిస్తుంది. ఇవ్వవలసి ఉందన్న ఆలోచన ఇంటివారికి రాదు.

ఇంటిలో పనిముట్టుకు చోటు కల్పించాలన్న ఆలోచన విజయవాడకు కొత్తది కాదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ సంఘ సమావేశం కోటి మంది సభ్యులను చేర్చాలని, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు సేకరించాలని, దేశంలో 20 లక్షల చరఖాలు తిరిగేటట్లు చేయాలని తీర్మానించింది. మొదటి రెండు లక్ష్యాలు సంస్థకు సంబంధించినవి. మూడవది ఇంటికి సంబంధించినది. చరఖా ఇంటిలోకి రావాలంటే ఇల్లు దానికి చోటివ్వాలి. ఈ ఇబ్బందిని గుర్తించినందువల్లనే కాబోలు, తరువాతి కాలంలో చరఖా రూపమే మారింది. గాంధీజీ ఎరవాడ కారాగారంలో ఉన్న కాలంలో రూపుదిద్దుకున్న పెట్టె చరఖా, పని ముగిసిన వెంటనే మడిచి మూసి పక్కన పెట్టదగినది. ఇరుకైన చోట పనిచేసేవారి అవసరం పనిముట్టు రూపాన్నే మార్చగలదనడానికి ఇది చక్కని నిదర్శనం.

యంత్రాలపట్ల విముఖత కలిగిన గాంధీజీ కుట్టుమిషనును మాత్రం మినహాయించారు. 1924లో జరిగిన ఒక సంభాషణలో, మనిషికి నిజంగా ఉపయోగపడే కొద్ది యంత్రాలలో అది ఒకటని ఆయన అభిప్రాయపడ్డారు. భార్య చేతికుట్టుతో పడే శ్రమను చూడలేక సింగర్ దానిని కల్పించాడన్న కథను కూడా ప్రస్తావించారు. చరిత్రలో ఆ యంత్రం ఏ ఒక్కరి సృష్టీ కాదు. అమెరికాలో ఎలియాస్ హోవ్ 1846లోను, ఐజక్ సింగర్ 1851లోను వేరువేరుగా హక్కుపత్రాలు పొందారు. 1930ల దశకంలో కలకత్తాలో ఉషా మిషన్ల తయారీ ఆరంభమైన తరువాత అది మధ్యతరగతి ఇళ్ళకు మరింత చేరువైంది. అనేక కుటుంబాలలో ఆడపిల్ల పెళ్ళికి ఇచ్చే సారెలో కుట్టుమిషను కూడా చేరింది. మిషను ఇచ్చి పంపినవారు దానిని ఎక్కడ ఉంచుకోవాలో మాత్రం ఆలోచించలేదు.

పూర్వపు డెల్టా గ్రామాల ఇళ్ళలో ఈ లోటు అంతగా తెలిసేది కాదు. మందమైన గోడలలో గూళ్ళు ఉండేవి. బట్టలు తగిలించడానికి చిలకకొయ్యలు, అరుదుగా వాడే వస్తువులకు అటక, విలువైన వాటికి భోషాణం, పిల్లికి అందకుండా పాలూ పెరుగూ దాచడానికి ఉట్టి ఉండేవి. ఏ వస్తువు ఎంత తరచుగా వాడతారో, ఎవరికి అందాలో, ఎవరికి అందకూడదో ఆలోచించి చేసిన ఏర్పాట్లు అవి. నేల తక్కువైనా గోడ ఎక్కువ అన్న రహస్యం ఆనాటి మేస్త్రీలకు తెలుసు. నేటి పలుచని గోడల ఇళ్ళలో గూడు మాయమైంది, చిలకకొయ్య స్థానంలో ఒక మేకు మిగిలింది. వస్తువులన్నీ నేల మీదకూ మంచాల కిందకూ చేరాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వినబడుతుంది. వస్తువులను పొందికగా ఉంచుకోవడం ఇల్లాలి నేర్పుపై ఆధారపడి ఉంటుందని, నేర్పు ఉంటే గుప్పెడు చోటైనా చాలునని కొందరు అంటారు. ఇంటిని చూచి ఇల్లాలిని చూడమన్న సామెతను సాక్ష్యంగా తెస్తారు. నేర్పు అవసరమన్నది నిజమే. కాని ఆ నేర్పును ప్రదర్శించడానికి తీరిక కూడా కావాలి. 2019లో జరిగిన జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనులు చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనులపై వెచ్చిస్తున్నారు. దాదాపు ఐదు గంటల ఇంటిపని ముగించి మిషను ముందు కూర్చునే స్త్రీని, సామగ్రి చిందరవందరగా ఉన్నదని తప్పుపట్టడం న్యాయం కాదు. చోటు ఇవ్వకుండా పొందికను ఆశించడం విత్తనం వేయకుండా పంటను ఆశించడం వంటిది.

ఇంటిలో చేసే పని కంటికి కనబడకపోతే ఏమవుతుందో పక్కనే ఉన్న గోదావరి డెల్టా చెబుతుంది. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం పరిసర గ్రామాలలో పంతొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా లేసు అల్లిక ప్రవేశించింది. అక్కడి స్త్రీలు ఇంటి వసారాలలో కూర్చుని అల్లిన లేసు విదేశాలకు ఎగుమతి అయింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ స్త్రీల జీవితాలను పరిశీలించి 1982లో ఒక గ్రంథం ప్రకటించారు. ప్రపంచ విపణికి సరుకు అందిస్తున్నప్పటికీ వారిని శ్రామికులుగా కాక, తీరిక వేళ ఏదో అల్లుకునే గృహిణులుగా లెక్కించినందువల్లనే వారి కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆమె నిరూపించారు. ఒళ్ళో పెట్టుకొని చేసే పనికి వేరే చోటు అక్కరలేదు. చోటు అక్కరలేని పని పనిగా కనబడదు. పనిగా కనబడని దానికి తగిన వెల కట్టేవారు లేరు.

కనుక ఇంటిలో కుట్టుపనికి చోటు ఏర్పరచడం గౌరవానికీ ఆదాయానికీ సంబంధించిన విషయం. ఆ చోటు దొరికిన తరువాత దానిని ఎట్లా వినియోగించాలన్నది రెండవ ప్రశ్న. దీనికి ఖరీదైన అలమరలు అవసరం లేదు. మూడు సూత్రాలు పాటిస్తే చాలు. నిత్యం వాడేది చేతికి అందేటట్లు ఉండాలి. అప్పుడప్పుడు వాడేది కంటికి కనబడేటట్లు ఉండాలి. ప్రమాదకరమైనది పిల్లలకు అందకుండా ఉండాలి. కత్తెర, టేపు, సుద్ద, బాబిన్లు మొదటి కోవకు చెందుతాయి. మిషను పక్క గోడకు వరుసగా నాలుగు కొక్కేలు బిగించి, ఒక గుడ్డ సంచికి అరలు కుట్టి తగిలిస్తే అవి ఎప్పుడూ వెతకనక్కరలేదు. బొత్తాలు, హుక్కులు, జిప్పులు, అంచులేసులు రెండవ కోవకు చెందుతాయి. ఖాళీ అయిన గాజుసీసాలు, మూత గల పారదర్శకమైన డబ్బాలు వీటికి తగినవి. మూత తీయకుండానే లోపల ఏమున్నదో తెలియడం వీటిలోని సౌలభ్యం. రంగుల వరుసలో దారాలు పేర్చుకుంటే ఏ రంగు అయిపోవచ్చిందో చూడగానే తెలుస్తుంది. ఉన్న రంగునే మళ్ళీ కొనే వృథా తప్పుతుంది.

సూదుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మిషను సూదులు చూపునకు ఒకే విధంగా కనబడినా వాటి నంబర్లు వేరు. సన్నని పట్టుగుడ్డకు 11వ నంబరు, సాధారణమైన నూలుగుడ్డకు 14వ నంబరు, జీన్సు వంటి మందమైన గుడ్డకు 16 లేక 18వ నంబరు సూది వాడతారు. నంబరు పెరిగినకొద్దీ సూది లావు పెరుగుతుంది. ఇవన్నీ ఒకే డబ్బాలో కలిసిపోతే, లావు సూది పట్టుచీర జాకెట్టుకు రంధ్రాలు చేస్తుంది; సన్న సూది మందపు గుడ్డపై విరుగుతుంది. నష్టపరిహారం మాత్రం కుట్టిన చేతులే చెల్లించుకోవాలి. నంబరు రాసిన చిన్న చీటీ అతికించిన అగ్గిపెట్టెలు ఈ నష్టాన్ని నివారిస్తాయి. డెల్టా గాలిలో తేమ ఎక్కువ కనుక సూదులను, కత్తెరను నూనె గుడ్డతో తుడిచి మూత గల డబ్బాలో ఉంచకపోతే తుప్పు పడుతుంది. విరిగిన సూదులను చెత్తలో వేయరాదు. వాటికి ఒక మూత డబ్బా ఉంటే పాకే పసిపిల్లలకు, చెత్త ఎత్తే పారిశుద్ధ్య కార్మికుల చేతులకు రక్షణ కలుగుతుంది. గుడ్డ కత్తెరతో కాగితం కత్తిరించకూడదన్న నియమాన్ని ఇంటివారందరూ పాటించాలి. పదును పోయిన కత్తెర గుడ్డను కోయదు, నములుతుంది.

ఇతరులు కుట్టించుకోవడానికి ఇచ్చిన గుడ్డలు నమ్మకంపై ఉంచిన సొత్తు. వాటిని ఇంటి బట్టలతో కలపకూడదు. ఒక్కొక్కరి గుడ్డను, ఆది జాకెట్టును, లైనింగును ఒకే సంచిలో ఉంచి, పేరు, కొలతలు, ఇవ్వవలసిన తేదీ రాసిన చీటీ పైన గుచ్చితే పొరపాట్లకు తావుండదు. తేదీల వరుసలో సంచులను తగిలిస్తే ముందు ఏది కుట్టాలో మరొకసారి ఆలోచించనక్కరలేదు. పెళ్ళి ముందురోజు ఆది జాకెట్టు కనబడకపోతే కలిగే ఆందోళన, పోయే మాట, తెగిపోయే ఖాతా ఎంతటివో ఆ పని చేసేవారికే తెలుసు. ఈ పనిలో పొందిక అంటే అలంకారం కాదు, పరపతి.

మిగిలిన గుడ్డముక్కలు చిన్న ఇంటికి పెద్ద బరువు. ఎప్పుడో పనికివస్తుందన్న ఆశతో ప్రతి ముక్కనూ దాచితే పనిచేసే చోటు పాతగుడ్డల మూటలతో నిండిపోతుంది. దీనికి డెల్టా గ్రామాల స్త్రీలు చూపిన మార్గం ఉంది. పాత చీరలను పొరలుగా పరచి, ముక్కలను చేర్చి బొంతలు కుట్టేవారు. ముక్కను దాచడం వారి ఉద్దేశం కాదు, వినియోగించడం. ఒక సంచిని ముక్కలకు కేటాయించి, అది నిండిన రోజున బొంతగానో, చేతిసంచిగానో, మసిగుడ్డగానో మార్చివేయడం ఉత్తమం. రెండవ సంచి మొదలుపెట్టకుండా ఉండటంలోనే వివేకం ఉంది.

విజయవాడలో సామగ్రిని ఎంత ఎత్తులో ఉంచాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. 2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వంటి ప్రాంతాలు నీటమునిగాయి. ఆ రోజులలోనే ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణానది ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నీరు అనేక రోజులు ఇళ్ళలో నిలిచింది. నేల అంతస్తు ఇళ్ళకు 25 వేల రూపాయల వంతున ప్రభుత్వం సహాయం ప్రకటించింది. అటువంటి నీటిలో మునిగిన మిషను తుప్పుపడుతుంది, మోటారు కాలిపోతుంది, ఇతరులు ఇచ్చిన పట్టుచీరలు బురదపాలవుతాయి. అంతటి వరదను ఏ అలమరా ఆపలేదు. అయినా మంచం కింద ఉంచిన సంచి మొదట తడుస్తుందని, గోడపై ఎత్తున కట్టిన చెక్కపై ఉంచిన సంచికి కొంత గడువు దొరుకుతుందని గ్రహించాలి. మిషను తలను చెక్కబల్ల నుండి విడదీసి అటక మీదకు చేర్చే విధానం ఇంటిలోని ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండటం మంచిది. గూళ్ళనూ అటకలనూ ఎత్తున కట్టిన పూర్వులకు ఏరు పొంగుతుందన్న సంగతి తెలియనిది కాదు.

ఇరుకు ఇంటిలో ఒకరికి చోటిస్తే మరొకరికి తగ్గుతుందన్నది మరొక అభ్యంతరం. దీనిని తేలికగా తీసివేయడానికి వీలులేదు. పరీక్షలకు చదివే విద్యార్థికి బల్ల కావాలి, వృద్ధులకు మంచం కావాలి. అటువంటప్పుడు చోటును విడదీసి పంచుకోవడం సాధ్యం కాకపోతే కాలాన్ని పంచుకోవచ్చు. పిల్లలు బడిలో ఉన్న వేళ మిషను బల్ల కుట్టుపనికి, సాయంకాలం మూత వేసిన తరువాత అదే బల్ల చదువుకు ఉపయోగపడుతుంది. అయితే బల్లపై సామగ్రిని తీసిన ప్రతిసారీ చేరవలసిన చోటు నిర్ణయమై ఉన్నప్పుడే ఈ పంపకం నిలుస్తుంది. తీసిన వస్తువును తిరిగి పెట్టే బాధ్యత కుట్టేవారిది మాత్రమే కాదు. కత్తెర తీసుకున్న కొడుకుదీ, టేపు తీసుకున్న భర్తదీ కూడా. ఇంటిలో అందరూ పాటించని అమరిక వారం రోజులు కూడా నిలవదు.

కుటుంబం చేయవలసినది ఇది. ప్రభుత్వాలు చేయవలసినదీ కొంత ఉంది. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం 18 వృత్తులలో దర్జీ పనిని కూడా చేర్చి, పనిముట్ల కొనుగోలుకు 15 వేల రూపాయల వరకు సహాయం కల్పించింది. ఇది హర్షణీయం. కాని పనిముట్టు ఇచ్చే పథకమూ, ఇల్లు కట్టించే పథకమూ ఒకదానినొకటి పలకరించుకోవడం లేదు. పేదల గృహాల నమూనా గీసేటప్పుడు వెలుతురు పడే కిటికీ పక్కన ఒక గూడు, దాని కింద మిషను పట్టేంత జాగా, చేతికందే ఎత్తులో ఒక విద్యుత్తు సాకెట్టు, పైన ఒక అటక చూపిస్తే నిర్మాణ వ్యయం గణనీయంగా పెరగదు. ఇంటివద్ద పనిచేసేవారిని ఇతర వేతన శ్రామికులతో సమానంగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఒక ఒడంబడికను ఆమోదించింది. ఆ సమానత్వం కాగితం మీద నుండి ఇంటిలోకి రావాలంటే ముందుగా దానికి కూర్చునే చోటు కావాలి.

కోటి విద్యలూ కూటికొరకే అన్నారు పెద్దలు. కూడు పెట్టే విద్యను మూలకు నెట్టి, దాని సామగ్రిని మంచం కిందకు తోసి, అది చిందరవందరగా ఉన్నదని నిందించడం సబబు కాదు. చిన్న ఇంటిలో గోడకు నాలుగు కొక్కేలు, ఒక చెక్క, కొన్ని డబ్బాలు, పన్నెండు అడుగుల నేల చాలు. మగ్గం ఉన్న ఇంటిలో నేతకారునికి దక్కిన మర్యాద, మిషను ఉన్న ఇంటిలో కుట్టుపనివారికి కూడా దక్కాలి.